రాగి తేలిన చోట

టీ కూజా పొట్ట మీద ఎర్రగా కనిపించింది చింతపండు పిప్పేమో అనుకుని రత్నకుమారి బొటనవేలితో తుడిచింది. పోలేదు. కొళాయి కింద పెట్టి కడిగి, పైటచెంగుతో ఒత్తి మళ్ళీ చూసింది. కుంకుమ బొట్టంత ఉన్నది కాస్తా రూపాయి బిళ్ళంత అయింది. అది పిప్పి కాదు, రాగి.

ఇంట్లో ఎవరూ లేరని తెలిసి కూడా ఆమె చుట్టూ చూసింది. స్నేహ ఆఫీసుకి, పాప బడికి వెళ్ళిపోయారు. స్నేహ భర్త విజయభాస్కర్ ఆఫీసు పని మీద మెల్బోర్న్ వెళ్ళి, క్లైడ్ నార్త్‌లో వాళ్ళ అన్నగారింట్లో దిగాడు. వచ్చే వారాంతానికి గాని రాడు. సిడ్నీలో బ్లాక్‌టౌన్ అవతల, కిటికీలోంచి చూస్తే మన ఇల్లే మళ్ళీ మళ్ళీ కనిపించేటట్టు కట్టిన కొత్త ఇళ్ళ వరసలో పగటిపూట మనిషి అలికిడి ఉండదు. జరిగినదానికి సాక్షి ఆ కూజా ఒక్కటే.

దాంతోపాటు వేణ్ణీళ్ళకి ఇంకో కూజా, పాలకో జగ్గు, చక్కెర గిన్నె, చక్కెర బిళ్ళలు తీసే చిన్న పట్టకారు, కప్పులో మిగిలిన అడుగు ఒంపెయ్యటానికి ఒక గిన్నె. ఎంగిలి టీ పారబొయ్యటానిక్కూడా వెండి గిన్నె పెట్టుకున్నారంటే ఆ దొరసానులు ఎంత దర్జాగా బతికారో అని మొదటిరోజు రత్నకుమారి ముక్కున వేలేసుకుంది. ఎవరో ముసలావిడ పోతే ఆవిడ సామాను వేలం వేశారట, అక్కడ కొన్నది స్నేహ. పోయినవాళ్ళ సామాను ఇంట్లోకి ఎందుకే అని అడగబోయి రత్నకుమారి నాలిక కరుచుకుంది. ఇల్లు తనది కాదు, వెండీ తనది కాదు.

వచ్చినప్పుడు అవన్నీ పెనం అడుగుల్లా నల్లగా ఉన్నాయి. స్నేహ ఒక క్రీము డబ్బా, మెత్తటి గుడ్డ చేతిలో పెట్టింది. "ఇది తప్ప ఇంకేమీ వాడొద్దు పిన్నీ, ప్లీజ్. చాలా జెంటిల్‌గా తుడవాలి," అని చెప్పి ఊరుకోక వీడియో కూడా పంపింది. వీడియోలో తెల్ల చేతొడుగుల మనిషి పసిబిడ్డ బుగ్గలు తుడిచినట్టు తుడుస్తున్నాడు. అట్లా తుడిస్తే ఏ ఏటికి తెల్లబడాలి? ఊహ తెలిసినప్పటినుంచీ దేవుడి గిన్నెలు తోమిన చెయ్యి రత్నకుమారిది. క్రీముకి లొంగని నలుపు చూసి ఆ చెయ్యి ఊరుకోలేదు. చింతపండు నానేసి, పూజ అరలోంచి చిటికెడు విభూతి కలిపి పట్టించింది. పాల జగ్గు తళతళలాడింది. చక్కెర గిన్నెలో తన మొహం కనిపించింది. ఆ ఉత్సాహంలో కూజా అందుకుంది.

అసలు ఆ ఉత్సాహం వెండి గురించి కాదు. వచ్చే బుధవారం అడిలైడ్‌లో ఆమె కూతురు శ్రీలేఖ పట్టా పుచ్చుకుంటోంది. పిల్ల మాసన్ లేక్స్‌లో ఇంకో ముగ్గురితో ఇల్లు పంచుకుని, పగలు చదివి సాయంత్రం పెట్రోలు బంకులో నిలబడి తెచ్చుకున్న పట్టా అది. "ముందు మా దగ్గరికి రా పిన్నీ. పాపని చూసినట్టూ ఉంటుంది, శ్రీలేఖ గ్రాడ్యుయేషన్‌కి నేనే తీసికెళ్తా," అని చీరాలకి ఫోన్ చేసి పిలిచింది స్నేహే. ఎండల్లో వచ్చింది, ఇప్పుడు చలి మొదలవుతోంది. పాపని చూట్టం అంటే వండటం, వార్చటం, బడికి దింపటం, తీసుకురావటం అని వచ్చాక తెలిసింది. దానికీ రత్నకుమారి ఏమీ అనుకోలేదు. స్నేహ తల్లీ తనూ అన్నదమ్ముల పిల్లలు, ఒకే కంచంలో తిని పెరిగారు. కాని ప్రయాణం మాటెత్తితే మాత్రం, "చూద్దాం పిన్నీ, ముందు ఈ శనివారం గట్టెక్కనీ," అంటోంది. అందుకే ఈ మెరుపంతా. వెండి చూసి స్నేహ మురిసిపోయిన క్షణంలో బుధవారం మాట అడిగెయ్యాలని ఆమె పన్నాగం. అడగందే అమ్మయినా పెట్టదు, ఇక అక్క కూతురు ఎంత?

ఇప్పుడు ఆ మాట గొంతులో ఉండగానే కూజా ఎర్రబడి కూర్చుంది.

ఆమె కుర్చీలో కూలబడి ఆలోచించింది. తన మోటు చెయ్యి వెండిని అరగదీసిందా? అయితే తప్పు తనది, వద్దన్న పని చేసినందుకు తిట్లు తినాలి. లేకపోతే ఇది అసలు వెండే కాదు, రాగి మీద పూత. అంటే స్నేహని ఎవరో నిలువునా ముంచారు. రెండోది మరీ భయంగా ఉంది. చీరాలలో పెళ్ళివారు పెట్టిన వెండి చెంబు గిల్టుదని తేలితే వియ్యాలవారు ఏడాదిపాటు మాటలు మానేసిన సంగతి ఆమె కళ్ళారా చూసింది. పైన పటారం, లోన లొటారం అని ఊరంతా చెప్పుకున్నారు. స్నేహ ఆఫీసులో అందరి లెక్కల్లోనూ తప్పులు పట్టే మనిషి. "నువ్వు మోసపోయావే," అని ఆ పిల్ల మొహం మీద చెప్పి, ఆ వెంటనే "నాకు టిక్కెట్టు తియ్యి," అని ఎట్లా అడుగుతుంది?

కూజాని తీసుకెళ్ళి బల్ల మీద, ఎర్ర మచ్చ గోడవైపు తిరిగేటట్టు పెట్టింది. చింతపండు పిప్పిని చెత్తబుట్టలో వెయ్యకుండా పెరట్లో మట్టిలో కప్పెట్టి వచ్చింది. దేన్నో పాతిపెడుతున్నట్టు తన చేతులు తనకే కనిపించి సిగ్గేసింది.

సాయంత్రం స్నేహ తాళంచెవులు బల్ల మీద పడేసి, బూట్లు విప్పకుండానే వెండి ముందు నిలబడిపోయింది.

"ఓ మై గాడ్ పిన్నీ. ఎంత బాగా వచ్చాయి. క్రీమ్ అంతా అయిపోయిందా?"

"కొంచెం ఉందిలే," అంది రత్నకుమారి.

స్నేహ పాల జగ్గుని లైటు కిందకి ఎత్తి తిప్పింది, చక్కెర గిన్నె ఎత్తింది. చెయ్యి కూజా వైపు వెళ్తోంది. రత్నకుమారి గభాల్న, "పాపకి జలుబు చేసినట్టుందే, ఒళ్ళు చూడు," అంది. పాప సోఫాలో నిక్షేపంగా చిప్స్ తింటోంది. "ఐ యామ్ ఫైన్, అమ్మమ్మా," అని తల కూడా ఎత్తకుండా జవాబిచ్చింది. అయినా స్నేహ వెళ్ళి నుదురు తాకి చూసింది, కూజా సంగతి మర్చిపోయింది. అబద్ధం ఇంత సుళువుగా వస్తుందని రత్నకుమారికి అంతవరకూ తెలియదు.

భోజనాల దగ్గర స్నేహ శనివారం గురించే మాట్లాడింది. పాత వెండి సేకరించేవాళ్ళకి సిడ్నీలో ఒక సంఘం ఉంది. అందులో ఎక్కువమంది తాతముత్తాతల నాటి ఇళ్ళవాళ్ళు. చేరాలంటే దరఖాస్తు పెడితే చాలదు, వాళ్ళలో ఒకరు ఇంటికి వచ్చి, మన వెండిలో మనం పోసిన టీ తాగి చూడాలి. వస్తువుని అద్దాల బీరువాలో పెట్టి పూజించేవాళ్ళని వాళ్ళు చేర్చుకోరట. వచ్చేది పెట్రీషియా అనే పెద్దావిడ, ఎనభై దాటాయి. ఆమెకి తోడుగా స్నేహ స్నేహితురాలు శ్రీదేవి, శ్రీదేవి ఆఫీసులో ఇంకొకామె.

"ఇంతవరకూ మనవాళ్ళు ఒక్కరు కూడా లేరు పిన్నీ అందులో. ఐ విల్ బి ది ఫస్ట్." స్నేహ కళ్ళు పెళ్ళిచూపులనాటి పిల్ల కళ్ళలా బెదురుతున్నాయి. అది చూసి రత్నకుమారికి జాలేసింది, దాంతో భయం రెట్టింపయింది.

"నేను వాళ్ళతో కూర్చుని మాట్లాడాలి కదా. నువ్వు ట్రే దగ్గర నిలబడి పోసి అందరికీ అందించు. నేను పోస్తే చేతులు వణుకుతాయి."

"పోస్తాలే."

"ఇంకోటి. ఆ ముదురాకుపచ్చ పట్టుచీర వద్దు. లేత రంగు కాటన్ ఏదైనా కట్టుకో. మీద ఏప్రన్ వేసుకుంటే మరకలు పడవు." స్నేహ పెరుగన్నం కలుపుతూ తలెత్తలేదు. "అందరి ముందూ పిన్నీ పిన్నీ అంటే వాళ్ళకి అర్థం కాదు. జస్ట్ రత్నా అంటా. ఏమనుకోవుగా?"

కన్నతల్లి వరసైన మనిషిని పేరు పెట్టి పిలుస్తానని అన్నం ముందు కూర్చుని చెప్పింది స్నేహ. కూజా భయం లోపల లేకపోతే ఆ పూట రత్నకుమారి అన్నం వదిలి లేచేది. లేవలేదు.

"అట్లాగే," అంది. తర్వాత, ఉన్న బలమంతా కూడగట్టుకుని, "మరి బుధవారం…" అంది.

"మర్చిపోలేదు పిన్నీ. గ్రాడ్యుయేషన్ మొత్తం లైవ్ పెడతారట. లింక్ సేవ్ చేశా. మన పెద్ద టీవీలో శ్రీలేఖ నీకు అక్కడికంటే క్లియర్‌గా కనిపిస్తుంది. అక్కడ వెనక సీట్లో కూర్చుంటే తల కూడా కనపడదు." నవ్వింది. "ఈయన ఊళ్ళో లేరు, పాప పికప్ ఉంది. నువ్వే చెప్పు, ఎట్లా కుదురుతుంది?"

స్నేహ చెడ్డది కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్ళయితే ఎదురు చెప్పటానికి ఒక మాటయినా దొరికేది.

శుక్రవారం పొద్దున పాపని బడిలో దింపి వస్తుంటే శ్రీలేఖ ఫోన్ చేసింది. వెనకాల బంకులో కార్ల చప్పుడు.

"అమ్మా, సీటుకి నీ పేరు ఇచ్చేశాను. అక్క టిక్కెట్టు తీసిందా?"

"తీస్తోంది."

"తీస్తోందంటే ఏందమ్మా? ఇంకా తియ్యలేదా? నేను తీస్తానని ఎన్నిసార్లు చెప్పాను?"

"నువ్వు తీస్తే అక్క నొచ్చుకుంటుందే. తను తీసికెళ్తానని మాటిచ్చింది. టిక్కెట్టుదేముంది, పాప సంగతి ఎవరు చూస్తారు, అదీ…"

"పాపని చూడటానికి వచ్చావా, నన్ను చూడటానికి వచ్చావా?" అంది శ్రీలేఖ. కోపంగా అనలేదు. ఎవరో కస్టమర్ పిలిస్తే ఫోన్ పెట్టేసింది. రత్నకుమారి దారిలో ఉన్న బస్టాపు బల్ల మీద కూర్చుని, ఎవరూ లేరు కదా అని ఏడ్చింది. ఒక కుక్కని తిప్పుతున్న తెల్లాయన ఆగి "ఆల్‌రైట్, లవ్?" అని అడిగితే, తల ఊపి లేచింది.

ఇంటికి వచ్చి కూజా ముందు కూర్చుంది. ముందు ఈ మచ్చ గతి చూస్తే తప్ప నోరు పెగలదు. క్రీము రాసి చూసింది, రాగి ఇంకా పరుచుకుని ముద్దుగా మెరిసింది. ఇంకేం చెయ్యాలో తోచక వంటింట్లో తిరుగుతుంటే, శనివారం కోసం తెచ్చిన కాజూ కట్లీ పెట్టె కనిపించింది. ఒక్కో ముక్క మీదా వెండి రేకు.

కత్తి మొనతో ఒక ముక్క మీది రేకు లేపింది. అది ఊపిరి తగిలితేనే మడత పడిపోయింది. ఊపిరి బిగబట్టి ఇంకోటి లేపింది. మచ్చ మీద తేనె చుక్క పూసి, రేకు అద్ది, దూదితో ఒత్తింది. అతుక్కుంది. పక్కన ఇంకోటి, దాని అంచు మీద ఇంకోటి. నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే మచ్చ లేదు. దగ్గరికొస్తే అక్కడ కాస్త ముడతలు, అంతే. బోసిపోయిన కట్లీ ముక్కల్ని పళ్ళెంలో అడుగున సర్ది, మంచివి పైన పెట్టింది. తనకి తెలియకుండానే నవ్వొచ్చింది. మిఠాయి మీది వెండి కూజాకి, కూజా మీది వెండి ఎవరికో.

ఆ నవ్వు శనివారం మధ్యాహ్నం దాకా నిలవలేదు. కూజాలో మరిగిన నీళ్ళు పోస్తే తేనె కరుగుతుందన్న ఆలోచన, స్కోన్లు అనే ఆ చప్పటి బన్నులకి పిండి కలుపుతుండగా వచ్చింది. చేతులు పిండిలో ఆగిపోయాయి. ఇప్పుడు చెప్పేస్తే? స్నేహ హాల్లో కుర్చీలు ఇటు జరిపి, అటు జరిపి, మళ్ళీ ఇటు జరుపుతోంది. కీరా ముక్కల శాండ్‌విచ్‌ల అంచులు కొలబద్ద పెట్టినట్టు కోసింది. ఈ పరిస్థితిలో చెప్పటం గోరుచుట్టు మీద రోకటిపోటు. చెప్పకపోవటం ఇంకా పెద్ద పోటు. రత్నకుమారి లేత నీలం నేత చీర కట్టుకుని, దాని మీద ఏప్రన్ కట్టుకుని, కక్కలేక మింగలేక ట్రే పక్కన నిలబడింది.

పెట్రీషియా ఒక చేతికర్ర, ఎర్ర ఉన్ని కోటు, పెద్ద పెద్ద చెవులతో లోపలికి వచ్చింది. శ్రీదేవి, ఆమె ఆఫీసు స్నేహితురాలు అప్పటికే వచ్చి కూర్చున్నారు. శ్రీదేవి రత్నకుమారిని చూసి అలవాటుగా "బాగున్నారా ఆంటీ" అని లేవబోయి, స్నేహ మొహం చూసి మళ్ళీ కూర్చుంది.

"రత్నా, యూ కెన్ పోర్ నౌ," అంది స్నేహ.

పేరు విన్నప్పుడు రత్నకుమారికి అనుకున్నంత బాధ కలగలేదు. ఎందుకంటే అప్పుడే కూజా ఎత్తింది, వేలి కింద రేకు జారుతోంది. కుడిచేత్తో పిడి పట్టుకుని, ఎడమ అరచెయ్యి పూర్తిగా మచ్చ మీద ఆనించింది. చూసేవాళ్ళకి బరువుకి ఆసరా పట్టినట్టు ఉంటుంది. లోపల మరుగుతున్న టీ. వెండి వేడిని ఏమాత్రం దాచుకోదు. మొదటి కప్పు నిండేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళు బిగించి రెండో కప్పు పోసింది.

పెట్రీషియా స్నేహ చెప్తున్న మాటలు వింటూనే ట్రే వైపు చూస్తోంది. ఉన్నట్టుండి కర్ర పక్కన పెట్టి, లేచి, గోడ వారనున్న కుర్చీని తనే లాగడం మొదలుపెట్టింది. స్నేహ కంగారుగా ఎదురెళ్ళింది. పెద్దావిడ ఆమెని చేత్తో వారించి, కుర్చీని ట్రే వెనక వేసి, రత్నకుమారి భుజం తట్టి ఏదో అంది. ఆ మాటల్లో రత్నకుమారికి అందింది "సిట్" ఒక్కటే.

శ్రీదేవి తెలుగులో చెప్పింది. "కూర్చోమంటున్నారాంటీ. ఈ ఇంటి పెద్ద మీరేనని ముందే తెలిస్తే, రాగానే మీకే నమస్కారం పెట్టేదాన్నని, క్షమించమని అంటున్నారు."

రత్నకుమారికి అర్థం కాలేదు. స్నేహకి అంతకన్నా అర్థం కాలేదు. పెట్రీషియా ముగ్గురి మొహాలూ చూసి, నెమ్మదిగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. ఈ వెండి వాడిన ఇళ్ళలో టీ పొయ్యటం పనివాళ్ళ పని కాదు. నీళ్ళు కాచేది, ట్రే మోసుకొచ్చేది, తర్వాత కడిగేది పనిపిల్లలు. పొయ్యటం మాత్రం ఇంటి ఇల్లాలు, లేదంటే ఇంట్లో అందరికంటే పెద్దామె. ఇంకెవరి చేతికీ కూజా పిడి ఇచ్చేవారు కాదు. పోసేవాళ్ళు కూర్చుంటారు, కప్పు కావలసినవాళ్ళు లేచి వాళ్ళ దగ్గరికి వస్తారు. "మీ ఇంట్లో ఆ పద్ధతి పాటించారు. ఈ రోజుల్లో మా వాళ్ళకే తెలియటం లేదు," అంది స్నేహతో, మెచ్చుకోలుగా.

స్నేహ చేతిలో శాండ్‌విచ్ పళ్ళెం అలాగే ఉండిపోయింది. పిన్నిని ఎవరి ముందు పనిమనిషిలా నిలబెట్టిందో వాళ్ళే ఇల్లాలి ఆసనం తెచ్చి ఆమెకి వేసినట్టయింది. కాదు, ఈమె ఊరికే సాయానికి ఉంది, అని సర్దిచెప్పవచ్చు. చెప్తే ఈ ఇంట్లో పోసింది ఇల్లాలు కాదని తనే ఒప్పుకున్నట్టు. పైగా శ్రీదేవి అన్నీ తెలిసి, స్కోన్ని ఎంతో శ్రద్ధగా పరిశీలిస్తోంది.

"యువర్ మదర్?" అని అడిగింది పెట్రీషియా.

"మై…" స్నేహ ఆగింది. "మై ఆంట్. మా అమ్మ చెల్లెలు." చివరి ముక్క తెలుగులో ఎందుకు వచ్చిందో ఆమెకే తెలియదు.

రత్నకుమారి కూర్చుంది. కూర్చున్నా అరచెయ్యి తియ్యలేదు. మూడో కప్పు పోస్తుంటే టీ సాసరులో ఒలికింది. పెట్రీషియా వంగి ఆ చేతిని చూసి "డార్లింగ్," అని మణికట్టు పట్టుకుని లాగేసింది. అరచెయ్యి దొండపండులా కమిలిపోయి ఉంది. దాని మీద అక్కడక్కడా కాజూ కట్లీ వెండి రేకు. కూజా పొట్ట మీద రూపాయి బిళ్ళ కాదు, అరచెయ్యంత రాగి.

స్నేహ మొహంలో రక్తం లేదు. ఇంక అయిపోయింది అనుకుంది రత్నకుమారి. టిక్కెట్టు పోయింది, శ్రీలేఖ పోయింది, అక్కచెల్లెళ్ళ మధ్య మాటలు కూడా పోయాయి.

"నేనేనమ్మా. చింతపండుతో తోమాను. దాచాలని రేకు అంటించాను," అంది తెలుగులోనే, స్నేహ వైపు చూసి. "నువ్వు చెప్పినట్టు చెయ్యలేదు."

పెట్రీషియా అప్పటికే కళ్ళద్దాలు మార్చుకుని కూజాని రుమాలుతో పట్టి కిటికీ వైపు తిప్పింది. చాలాసేపు చూసింది. తర్వాత శ్రీదేవి వైపు తిరిగి, రత్నకుమారి ఏమందో చెప్పమంది. విని నవ్వింది, ఎగతాళిగా కాదు.

ఆమె చెప్పింది శ్రీదేవి ముక్క ముక్కగా తెలుగు చేసింది. ఇది మోసం కాదు. కరెంటుతో పూత వేసే పద్ధతి రాకముందు, రాగి రేకునీ వెండి రేకునీ కలిపి కాల్చి ఒకటిగా సాగదీసి ఇట్లాంటివి చేసేవారు. వందేళ్ళు వెనక్కి పోయి ఇంకా వెనక్కి పోవాలి. ఆ ఎరుపు ఒక్క వారంలో చింతపండుతో వచ్చేది కాదు. నాలుగైదు తరాల పనిపిల్లలు బొటనవేళ్ళతో రుద్దితే వచ్చేది. మీ ఆంటీ చేసిందల్లా దాని మీద నలుపు తియ్యటమే, కాకపోతే ఇంకోసారి పులుపు వాడొద్దు. సంఘంవాళ్ళు ఏ వస్తువు చూసినా మొదట వెతికేది ఆ ఎరుపే. అది లేకపోతే మళ్ళీ పూత వేయించారని అనుమానిస్తారు.

"మా అమ్మమ్మ ఇట్లాంటివే తోమేది, పెద్దవాళ్ళ ఇంట్లో," అంది పెట్రీషియా, ఈసారి శ్రీదేవి కోసం ఆగకుండా. "ఆ ఇంట్లో ఆమెకి ఎవరూ ఒక్క కప్పు పొయ్యలేదు." ఆ ముక్క రత్నకుమారికి తర్జుమా లేకుండానే అర్థమైంది.

శ్రీదేవి ఫ్రిజ్‌లోంచి ఐసు తెచ్చింది. స్నేహ ఇంకా నిలబడే ఉంది. తర్వాత మెల్లగా వచ్చి కుర్చీ వెనక ఆగింది. ఏప్రన్ ముడి మీద ఆమె వేళ్ళు తగలటం రత్నకుమారికి తెలిసింది. ముడి బిగుసుకుంది, ఒకసారి లాగితే రాలేదు. రెండోసారి వచ్చింది. "తడిసింది పిన్నీ, తీసెయ్," అంది స్నేహ, ఎవరికీ వినపడనట్టు. దాన్ని ఉండ చుట్టి సోఫా వెనక్కి వేసింది.

పెట్రీషియా రెండో కప్పు కోసం తనే లేచి వచ్చింది. ఈసారి రుమాలు పెట్టి రత్నకుమారి పోసింది. సిడ్నీలో ఇంకా ఎన్నాళ్ళుంటారని పెద్దావిడ మాటకి మాట విడదీసి అడిగింది.

ఆ జవాబు రత్నకుమారి ముందుగా అనుకున్నది కాదు. కుర్చీలో కూర్చున్నది కాబట్టి వచ్చింది. నిలబడి ఉంటే వచ్చేది కాదేమో. "ట్యూస్‌డే, అడిలైడ్ గోయింగ్," అంది. "మై డాటర్. గ్రాడ్యుయేషన్."

"హౌ లవ్లీ," అంది పెట్రీషియా, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకోబోయి, కాలింది గుర్తొచ్చి మోచెయ్యి పట్టుకుంది. శ్రీదేవి "కంగ్రాట్స్ ఆంటీ, చెప్పనేలేదు," అంది. అందరూ స్నేహ వైపు చూశారు. స్నేహ నవ్వింది, చాలా బాగా నవ్వింది. "యెస్, ట్యూస్‌డే," అంది.

వాళ్ళంతా వెళ్ళాక ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది. వెళ్ళేటప్పుడు పెట్రీషియా గుమ్మంలో స్నేహ చెంప తట్టి, నెలాఖరు మీటింగుకి ఆ కూజా తీసుకురమ్మని చెప్పింది. అంత గెలుపు గెలిచి కూడా స్నేహ మొహంలో గెలుపు లేదు. సోఫా అంచున కూర్చుని ఫోన్ తీసింది.

"నాతో ముందే చెప్పొచ్చుగా పిన్నీ. అందరి ముందూ అట్లా…"

"ముందే చెప్పాను. నువ్వు టీవీ చూపిస్తానన్నావు."

స్నేహ ఫోన్‌లో వేలితో తోస్తోంది. ఐసు కరిగి రత్నకుమారి మోచేతి మీదుగా కారి, నేత చీరలో ఇంకుతోంది. ఆమె ట్రే వెనక కుర్చీలోంచి ఇంకా లేవలేదు. ఎదురుగా కప్పులన్నీ అట్లాగే పడి ఉన్నాయి. లేచి తియ్యాలని అనిపించలేదు, తియ్యకపోతే తప్పని కూడా అనిపించలేదు.

"మంగళవారం మధ్యాహ్నం ఫ్లైట్ ఉంది," అంది స్నేహ. "శ్రీదేవిని అడుగుతా, రెండు రోజులు పాపని తన పిల్లలతోపాటు తెచ్చేస్తుంది. రిటర్న్ గురువారం పొద్దున బుక్ చెయ్యనా? శుక్రవారం నాకు ఆడిట్ ఉంది, లేటవుతుంది."

"రిటర్న్ వద్దమ్మా."

స్నేహ వేలు ఫోన్ మీద ఆగిపోయింది. "అంటే? శనివారం వస్తావా?"

"వీసా జూన్ దాకా ఉంది. అప్పటిదాకా శ్రీలేఖ దగ్గరుంటాను. ఆ గదిలోనే ఇంత చోటు చూసుకుంటాంలే. అటునుంచి అటే ఊరెళ్ళిపోతా."

"పాప నిన్ను అడుగుతుంది పిన్నీ."

"అడుగుతుంది. నాకూ అనిపిస్తుంది," అంది రత్నకుమారి. పాప మీద ఆమెకి నిజంగానే ప్రాణం. "రోజూ ఫోన్ చేస్తాను. వీడియోలో క్లియర్‌గా కనిపిస్తానుగా."

దెప్పిపొడవాలని అనలేదు ఆమె. అన్నాక గాని తగిలిందని తెలియలేదు. స్నేహ తల వంచుకుంది. ఫోన్ మీద ఒకచోట నొక్కింది, ఇంకోచోట నొక్కింది. తర్వాత లేచి కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టడం మొదలుపెట్టింది. అన్నీ ఒక్కసారే తీసే అలవాటు లేదు కాబట్టి, రెండేసి చొప్పున వంటింట్లోకి మోసుకెళ్తోంది. చివరికి కూజా కోసం వచ్చి, ఎత్తి చూసి, లోపల ఇంకా టీ ఉందని గమనించింది. కడిగిన కప్పు ఒకటి తెచ్చి రత్నకుమారి ముందు పెట్టింది. కూజా ఎత్తి, నిజంగానే వణుకుతున్న చేతులతో, పోసింది.

చల్లారిపోయిన టీ. పాలు లేవు, చక్కెర లేదు. రత్నకుమారి మొత్తం తాగింది.